కడుపుకు మీసాలతో పనేంది

మా మేనత్త పోయిందని, సరిహద్దు అవతల హిందీ రాష్ట్రంలోని మా ఊరు ఉసూర్ నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. అంతటితో ఊరుకోలేదు. "నువ్వు రాకున్నా నడుస్తది" అన్నాడు. ఆ మాటకు పుట్టిన రోత ఇంకా నా నోట్లోనే ఉంది.

ఆడపిల్లగా పుట్టాను, మగవాడిగా బతుకుతున్నాను. నా కూతుర్ని నేనే మోసి కన్నాను. కడుపు నిలిచిందని తెలియగానే నాతో ఉన్నవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను అత్త ఇంటికి చేరాను.

తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే. సంగతి విని, నోట్లోని పొగాకు ఉమ్మేసింది. తర్వాత అంబలి గిన్నె నా ముందు పెట్టింది.

"నాకు రోతగానే ఉంది రా. అబద్ధమెందుకు? అలవాటైతది గానీ, తిను."

ఆ రోజుల్లో నాతో నిజం మాట్లాడింది ఆవిడొక్కతే. గడ్డమున్నోడికి కడుపేమిటని ఊళ్లోవాళ్లు వెక్కిరిస్తే, "కడుపుకు మీసాలతో పనేంది?" అని చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేది.

కాన్పుకు పెద్దాసుపత్రికి పోతే, మరీజ్, అంటే రోగి, ఎవరని అత్తను అడిగారు. నన్ను చూపించింది. ఇక ఏదో ఒక వంకతో తెర తప్పించి తొంగిచూడని వాడు లేడు. వాళ్ల నవ్వులు, పాన్ నమిలే నోళ్లు నేనింకా మరచిపోలేదు. ఒకడు ఫోన్ పట్టుకుని నా దుప్పటి ఎత్తాడు. అత్త లేచి వాడి ఎదుట నిలబడింది.

"చూసినవు గదా. ఇప్పుడు నీ బట్టలిప్పు, నేను జూస్త" అంది. వాడికి అర్థం కావాలని అదే మాట హిందీలోనూ చెప్పింది.

వాడు వెళ్లిపోయాడు. సిగ్గుపడి కాదు, ముసలిదానికి పిచ్చని నవ్వుకుంటూ.

బిడ్డకు పాలు పట్టేటప్పుడు నా ఒళ్లంటే నాకే అసహ్యం వేసేది. అత్త గుమ్మంలో వీధి వైపు తిరిగి, కొంగు చాపి పట్టుకుని అడ్డంగా కూర్చునేది. నా వైపు చూసేది కాదు. బిడ్డ నన్ను మొదటిసారి నాన్నా అని పిలిచినప్పుడు మాత్రం వెనక్కి తిరిగి, "దీనికున్న తెలివి ఊరికి లేదు" అంది.

చిన్నాన్న ఫోన్ రాగానే, పనికోసం చేరిన పట్నం నుంచి ఏడేళ్ల కూతుర్ని తీసుకుని ఊరికి పోయాను. ఆవిడ బతికుండగా గడప తొక్కని చుట్టాలు వాకిట్లో కూర్చుని ఆవిడ మంచితనం చెప్పుకుంటున్నారు. నన్ను చూసి చిన్నాన్న, "పాడె మోయనీకొచ్చినవా, ఏడ్వనీకొచ్చినవా?" అన్నాడు. శవం పక్కనే అందరూ నవ్వారు.

పాడె ఒక కొమ్ము భుజానికెత్తుకున్నాను. పక్క కొమ్ము పట్టిన చిన్నాన్న చేతులు దులుపుకుని తప్పుకున్నాడు. పాడె ఒరిగింది. వెనక నుంచి ఎవరో అందుకున్నారు. ఎవరో నేను తిరిగి చూడలేదు. అత్త పాదం ఒకటి బట్టలోంచి బయటికి జారింది. నా కూతురు బట్ట సర్దింది. మళ్లీ జారింది. ఇక ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని, అంత ఎత్తుకు అందక మునివేళ్ల మీద మాతో నడిచింది.