రాజేశ్వర్ లేడు

రాజేశ్వరన్నకు ఒక్కటే పిచ్చి. వారానికి రెండు గంటలు ఆయన ఈ లోకంలో ఉండడు.

మా లోకమంటే దుబాయ్ పక్కన సజ్జాలో కంపెనీ లేబర్ క్యాంపు, పదకొండో గది. ఎనిమిది మంచాలు, ఒక ఏసీ, ఎనిమిది రకాల గురకలు. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం రెండు కాగానే ఆయన ఫోన్ ఆపేసి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి పాతిపెట్టేవాడు. కిటికీ పక్కనున్న తన మంచానికి పూలదుప్పటి పరదా దించేవాడు. నాలుగింటి దాకా ఖలాస్.

2021లో నేను గదికొచ్చిన మొదటి శుక్రవారం, ఉప్పు ఎక్కడుందని పరదా ముందు నిలబడి అడిగాను.

"రాజేశ్వర్ లేడు," అంది లోపలి నుంచి సన్నటి గొంతు.

పక్క మంచం మీది సిలాస్ నవ్వాడు. "అలవాటైపోద్దిలే, రత్నాకర్."

ఎక్కడ అలవాటు! క్యాంపు బాస్ వచ్చి పిలిచినా లేడు. ఒకసారి ఫైర్ డ్రిల్ గంట మోగింది. "అన్నా, లే!" అని అరిచాను. "లేడు," అంది పరదా. గుండె చేతబట్టుకుని బయటికి పరిగెత్తితే, రాజేశ్వరన్న నాకంటే ముందే వరసలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు! అది చాలదన్నట్టు, మమ్మల్ని లెక్కపెట్టాల్సిన ఫోర్మన్ కరీముల్లా ఎక్కడా లేడు.

నా బాధ వేరే. పెళ్లయిన ఇరవై మూడో రోజున దుబాయ్ విమానమెక్కాను. నా భార్య ప్రేమకు ఫోన్ చేస్తే చాలు, ఏడు మంచాల మీంచి ఏడు తలలు లేచేవి. "వదినా, ఏం కూర?" వరండాలోకి వెళ్తే అక్కడ ఇరవై తలలు. మూడేళ్లు ఓర్చుకుని, చివరికి ప్రేమ ఫోన్ ఎత్తడం మానేసి మెసేజ్ పెట్టింది: "నేను ఒక్కన్ని చేసుకున్న, ఎనిమిది మందిని కాదు. శుక్రవారం లోపల ఒక్కనివే మాట్లాడు. లేకుంటే మా అమ్మగారింటికి పోత."

ఆ శుక్రవారం వంట వంతు నాది; మిగతావాళ్లు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే రెండు ఫోన్లు తగిలాయి. రెండోదానికి ఎర్ర కవరు. క్యాంపంతా భయపడే ఫోర్మన్ ఎర్ర కవరు!

పరదా లాగేశాను. మంచం మీద కరీముల్లా. "యల్లా! కదలండి!" అని అరిస్తే మూడు బిల్డింగులు ఉలిక్కిపడే మనిషి, బాసింపట్టు వేసుకుని గోడను చూస్తూ ఊరికే కూర్చున్నాడు.

"లే... లేడు," అన్నాడు నీళ్లు నములుతూ.

కిటికీ తెరిచే ఉంది. అవతల, ఆరేసిన బట్టల వెనక, నలభై ఐదు డిగ్రీల ఎండలో, బోర్లించిన బకెట్ మీద రాజేశ్వరన్న. నెత్తి మీద తడి తువ్వాల.

"అన్నా, ఇదేంది!"

"మెల్లగ మాట్లాడు, తమ్మీ. రోజుకు అరవై మంది ఆయనకు ఫోన్ చేసి గోడు చెప్పుకొని ఏడుస్తరు. ఆయనకూ ఓ రెండు గంటలు ఎవ్వరూ వద్దనిపియ్యదా? పోయిన వారం లోపల సిలాస్ ఉండె."

"మరి అందరికీ చెప్పొచ్చు గదా?"

"ఒక్కన్ని కూసుంటనంటే మగోళ్లకు నామోషీ. రాజేశ్వర్ పిచ్చోడంటే ఎవడూ పరదా ముట్టడు, నువ్వు తప్ప."

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. మూడేళ్లుగా ఆ పరదా ఒక్క అబద్ధమూ ఆడలేదు. నేను ప్రేమ సంగతి చెప్పాను.

"ఇయ్యాలనే ఆఖరి రోజా? మరి ఇంకా ముచ్చట్లేంది? లోపల ఫోన్ ఉండొద్దు గని, నీకు మాఫీ. కరీంభాయ్, నికలో!"

కరీముల్లా పొట్ట కిటికీలో ఇరుక్కుంది. నేను లోపల్నుంచి తోశాను, రాజేశ్వరన్న బయటినుంచి లాగాడు. ఫోర్మన్‌ను తోసే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది!

పరదా దించి, గొంతు తగ్గించి ఫోన్ చేశాను. ఆరో రింగుకు ఎత్తింది.

"పక్కన ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

చాలాసేపు నమ్మలేదు. నమ్మాక ఏడ్చింది, తిట్టింది, నవ్వింది. అంతలో క్యాంపు బాస్ కేక: "రాజేశ్వర్!"

"రాజేశ్వర్ లేడు," అన్నాను సన్నగా.

"అదెవరు మల్ల?" అంది ప్రేమ అనుమానంగా.

కిటికీలోంచి చూశాను. ఆయన తువ్వాల తడిపి మళ్లీ నెత్తిన వేసుకుంటున్నాడు.

"ఉన్నడు," అన్నాను. "నా కోసం ఎండల కూసున్నడు. నువ్వు చెప్పు."