జీపు ఎనక ఎక్కిన బరువు

ఎనభై మూడో సంవత్సరం, శ్రావణ మాసం, వరలక్ష్మి నోముకు ముందు గురువారం. రాత్రి పదకొండు దాటి ఐదు నిమిషాలు. నిమిషాలతో సహా ఎట్లా తెలుసునంటే, మా అల్లునికి పెండ్లిలో పెట్టిన గడియారాన్ని ఆయప్ప మా ఇంట్లోనే మరిచిపోయి బెంగుళూరు పోయినాడు. ఆ పొద్దు అది నా చేతికుండాది.

ఇది జరిగింది. కాణిపాకం వినాయకుని ముందర తడిగుడ్డతో నిలబడి చెప్పమన్నా ఇదే చెప్తా. నలభై దాటినంక రాత్రిబడిలో పలక పట్టినోణ్ణి నేను. కతలు కట్టి రాసేంత సదువు నాకు లేదు. సూసింది రాసేదానికే చేతులు నొప్పి పుడతా ఉండాయి.

మాది ఐరాల కాడ్నుంచి ఏడు మైళ్ళు లోపలికి, కొండ కింద పల్లె. ఇరవై ఇండ్లు. మట్టి దోవ. దోవకి అడ్డంగా ఒక వంక. ఎండాకాలంలో దాంట్లో మేకలు నడిచిపోతాయి. కొండ మీద వాన పడిందా... నడుము లోతు, ఒక్కోసారి మనిషి లోతు. వంతెన లేదు.

ఆ వంక కాడ్నే మా తమ్ముని పెండ్లాం కాంతమ్మ చచ్చిపోయింది. కాన్పు కష్టమైతే మంచం మీద మోసుకొని పోయినాం. మంచానికి ఒక కోడు నేను పట్టినాను. నీళ్ళు తగ్గేదాకా గట్టు మీద మంచం దించుకొని కూర్చున్నాం. నీళ్ళు తగ్గినాయి. అప్పటికి ఆమె లేదు.

ఆ పొద్దే అనుకున్నాను, వంక దాటే బండి ఒకటి ఊర్లో ఉండాల్సిందేనని. కొత్తది కొనే తాహతు మాకు యాడిది? అట్లా నాలుగేండ్లు గడిచిపోయినాయి. ఈలోగా మా కూతురు రాణికి పెండ్లయింది, నెల తప్పింది, తొలికాన్పుకి మా ఇంటికే రావాల. ఇంక నాకు నిద్ర పట్టలేదు.

చిత్తూరులో ఖాదరని ఒక మెకానిక్కు. నేను లారీ మీద కిలీనరుగా తిరిగిన దినాల్నుంచి తెలిసినోడు. ఆయప్పే చెప్పినాడు, చంద్రగిరిలో కోట పక్క చింతతోపులో ఒక పాత జీపు పడుండాదని. మిలిటరీ వాళ్ళు ఏలమేసింది, పది చేతులు మారిందంట. పోయి సూస్తే డ్రైవరు సీట్లో కోడి పొదిగేసుకొని కూర్చోనుండాది.

"కోడి బండితో పాటేనా?" అన్నాను కావలాయనతో.

"కోడి నాది. బండి మా అయ్యది. బండికన్నా కోడే బాగా పరిగెత్తుతాది, ఆలోచించుకో," అన్నాడు.

జత ఎద్దులమ్మి ఆ ఇనుము కొన్నాను. మూడు నెలలు ఖాదరు షెడ్డులోనే నా కాపురం. పెట్రోలింజను పీకేసి, యాడ్నో దొరికిన పాత డీజలింజను కూర్చోబెట్టినాం. పొగ గొట్టం కింద ఉంటే వంకలో నీళ్ళు తాగుతాది. అందుకని పాత మోటరు పైపు ఒకటి అతికించి, అద్దం పక్కనుంచి తలకన్నా ఎత్తుకి లేపి కమ్మీతో కట్టినాం. బ్యాటరీ ముసిలిది. బండిని మిట్టన పెట్టి దొర్లిస్తేనే స్టార్టయ్యేది. ఎనక సూసే అద్దం మాత్రం నేనే వద్దన్నాను. మా దోవలో మన ఎనక వచ్చేదెవురు, దండగ అన్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

కాణిపాకంలో పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించినాం. అది అయిపోయినంక ఖాదరు ఇంకో మాట అన్నాడు.

"అన్నా, కాన్పులకే కాదు, చెనిక్కాయ మూటలకి గూడా పనికొస్తాది. ఎనకపక్క కమాన్లు మార్దాం."

కమాన్లంటే చక్రాల మీద బరువు మోసే ఇనప పట్టీలు. పాతినప కొట్లో గుట్టగా పడుండే దాంట్లోంచి బలమైనవి ఏరి, కోసి, అదనంగా ఎక్కించినాడు. ఎక్కించి తానే ఎనక ఎగిరెగిరి దూకినాడు. ఇంకో ఇద్దర్ని ఎక్కించి దూకించినాడు. బండి ఎంట్రుకంత గూడా దిగలేదు.

"పది మూటలేస్తేగాని ఇది వంగదన్నా. మనుషుల్ని లెక్కే పెట్టదు."

ఇంటికి తెస్తే నా పెండ్లాం మునెమ్మ బండి చుట్టూ తిరిగి సూసింది.

"పూజ అయినంక కొత్తగా ఇనుము చేర్చినారా? ఎవురి బండి ఇనుమో ఏమో. మళ్ళా నిమ్మకాయలు తొక్కించాల."

"తొక్కించి తొక్కించి ఊరగాయ పెట్టాల్నా?" అన్నాను.

అదీ నా నోరు.

ఆ గురువారం మాపటేల కొండ మీద వాన కమ్ముకున్నాది. మునెమ్మ నోముకని ఇల్లు అలుకుతా ఉండాది. దీపాలు పెట్టే యాలకి రాణికి నొప్పులు మొదలైనాయి. పది గంటలకి మంత్రసాని బయటికొచ్చి చేతులు కడుక్కున్నాది.

"బిడ్డ అడ్డం తిరిగింది చెంగయ్యా. నా చేతిలో లేదు. చిత్తూరు పెద్దాసుపత్రికి తీసకపో. తెల్లారేదాకా ఆగితే ఇద్దరూ దక్కరు."

రాణిని ఎనక పరుపు మీద పడుకోబెట్టినాం. మునెమ్మ పక్కన కూర్చున్నాది. అంతే. ఇంకెవురూ ఎక్కలేదు. మిట్ట మీద్నుంచి దొర్లిస్తే ఇంజను అందుకున్నాది.

ఖాళీ బండి కదా, కమాన్లు గట్టివి. ప్రతి రాయికీ ఎనకపక్క ఎగిరెగిరి పడతాది. రాణి "నాయనా... నాయనా" అంటా ఉండాది. మెల్లగా పోతే పొద్దు పోతాది, బిన్నా పోతే బిడ్డ ఎగిరిపడతాది. ఏం చెయ్యాల?

వంక కాడికొచ్చినాం. వాన నిలిచింది. మబ్బు సందులోంచి వెన్నెల. నీళ్ళ రొద ఫర్లాంగు దూరం నుంచే వినపడింది.

ఇంజను ఆర్పలేదు. ఆర్పితే మళ్ళా అందుకోదు. లైట్లు ఏసే పెట్టి, కట్టె పట్టుకొని నీళ్ళల్లోకి దిగినాను లోతు సూద్దామని. మొదట మోకాలు... తర్వాత తొడ... నడుం. కాళ్ళ కింద ఇసక జారిపోతా ఉండాది. నన్నే లాగతా ఉంటే, ఖాళీ జీపుని లాగదా?

కాంతమ్మ మంచం దించిన రాయి అక్కడ్నే ఉండాది. దాని దిక్కు సూడకూడదనుకుంటానే సూసినాను.

అప్పుడు.

నా ముందర అవతలి గట్టు మీద ఒక తాటిచెట్టు. జీపు లైట్లు దాని మొదుల్లో పడతా ఉండాయి.

కిర్ర్...

సన్నగా. నా ఎనక, బండి కాడ. ఇనుం మీద ఇనుం జరిగినట్టు.

తాటిచెట్టు మీద వెలుతురు మనిషెత్తు పైకి జరిగింది.

నేను కదల్లేదు. బండి ఎనకపక్క దిగితేనే ముందు లైట్లు పైకి లేస్తాయి. అది కిలీనరు పని చేసినోనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

కిర్ర్...

ఇంకో మనిషెత్తు.

మునెమ్మ లేచి అటూ ఇటూ జరిగిందేమో అనుకున్నాను. కానీ ఖాదరూ ఇంకో ఇద్దరూ దూకినా వంగని కమాన్లు, మునెమ్మకి వంగుతాయా?

కిర్ర్...

తొందరేం లేదు. ఒకరెక్కి, సర్దుకొని కూర్చున్నంక ఇంకొకరు ఎక్కినట్టు. బస్సులో ఎక్కరా, అట్లా.

నాలుగు.

ఐదు.

ఐదో సారికి వెలుతురు తాటికాయల్ని తాకింది. అంతటితో నిలిచింది. ఇంజను మోత గూడా మారింది. ఖాళీగా గలగల కొట్టుకునేది... బరువెక్కినట్టు గొంతు తగ్గించింది.

గడియారం సూసుకున్నాను. ఎందుకు సూసుకున్నానో తెల్దు. పదకొండూ ఐదు.

"మునెమ్మా!" అని అరిచినాను.

"ఏందయ్యా? బిన్నా రా! పిల్ల సొమ్మసిల్లతా ఉండాది!"

గొంతు మామూలుగానే ఉండాది. వచ్చి సీట్లో కూర్చున్నాను. తల తిప్పలేదు. అద్దం ఉంటే కన్ను దానంతట అదే పోయుండేది. లేకపోవడం మంచిదయిందో చెడ్డయిందో ఇప్పటికీ చెప్పలేను. నాలుగు చక్రాలూ తిరిగే లీవరు ఏసి, వంకలోకి దించినాను.

నీళ్ళు బంపరు దాటినాయి. కాళ్ళ కాడికొచ్చినాయి. పైపు పైన్నే పొగ కక్కతా ఉండాది. లైట్లు యాడ్నో చెట్ల కొనల్లో ఉండాయి, ముందర ఏముండాదో కనపడదు. నీళ్ళొచ్చి పక్కనుంచి గుద్దినాయి. బండి తేలలేదు. జారలేదు. పది మూటలేసుకున్న బండి మాదిరి, ఇసకని కరుచుకొని పోయింది. ఎగిరి పడడం గూడా లేదు. రాణి అరుపు తగ్గింది. నా ఎనక అంతా నిమ్మళంగా ఉండాది. ఆ నిమ్మళమే నాకు భయం.

ఐరాల కాడ తారురోడ్డు ఎక్కేముందు బండి ఆపినాను, ఆ లీవరు తియ్యాలని. ఎదురుగా మూసిన అంగడి. వెలుతురు దాని మిద్దె అంచున పడింది.

కిర్ర్...

వెలుతురు కిందికి జారింది. గోడ మీదికి.

కిర్ర్... కిర్ర్...

తలుపు మీదికి. ఎక్కినట్టే, నింపాదిగా.

నాలుగు లెక్క పెట్టినాను. ఐదోదానికి సూస్తా ఉంటే, రాణి పెట్టిన కేకకి నా చెయ్యి గేరు మీద పడింది. ఐదోది దిగిందో లేదో నేను సూళ్ళేదు.

పొద్దు పొడవక ముందే ఆడపిల్ల పుట్టింది. కోసి తీసినారు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కినారు. "నీళ్ళు తగ్గేదాకా ఆగుంటే మీరొచ్చి గూడా దండగే" అనింది నర్సమ్మ.

ఆసుపత్రి వసారాలో మునెమ్మ కాళ్ళు పట్టుకుపోయినాయని రుద్దుకుంటా ఉండాది.

"ఏమైంది?"

"దోవంతా మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నా కదా."

"అంత జాగా పెట్టుకొని ముడుచుకునేదేంది?"

నా మొకం దిక్కు ఎగాదిగా సూసింది.

"వంక కాడ నువ్వే కదయ్యా, 'జరిగి సర్దుకోండి' అంటివి?"

నేను అనలేదు. ఆ మాట నేను అనలేదు. నేను నడుం లోతు నీళ్ళల్లో ఉండాను.

"నా గొంతేనా?"

"నీ గొంతో... ఎవురిదో. మగ గొంతు. నువ్వు కాక ఇంకెవురుంటారు ఆడ?"

చెప్పినాను జరిగింది. మునెమ్మ కాళ్ళు రుద్దుకునేది ఆపింది. తర్వాత "కాంతమ్మే" అనింది.

నాకు కుదరలేదు. కాంతమ్మ పిడికెడు మనిషి. మగ గొంతెట్లా? ఐదుసార్లెట్లా?

ఖాదరుని అడిగితే నవ్వినాడు. "కొత్తగా ఏసిన పట్టీలు సర్దుకుంటాయన్నా. దానికే కిర్రుమంటాయి. ఎనక ఇసక, నీళ్ళు చేరి బరువెక్కుంటాది."

"నీళ్ళల్లోకి దించకముందే కదప్పా ఎనకపక్క దిగింది?"

నవ్వు ఆపినాడు. "అదీ నిజమే," అన్నాడు. చేతులు తుడుచుకుంటా, "అయినా ముగ్గురితో ఆ నీళ్ళల్లో అది బెండు మాదిరి తేలిపోవాల గదన్నా," అన్నాడు.

పాతినప కొట్టాయన కాడికి పోయినాను, ఆ పట్టీలు ఏ బండివని. ఒకసారి చెరుకు ట్రాక్టరువన్నాడు. ఇంకోసారి పోతే కూలోళ్ళని తిప్పే వ్యానువన్నాడు. ఆ వ్యాను ఏమైందంటే, "అన్నీ చెడిపోయినంకే కదప్పా నా కాడికొచ్చేది" అన్నాడు.

నాకేం తెలవాల?

కమాన్లు తీయించేద్దామన్నాను. మునెమ్మ ఒప్పుకోలేదు. "మోసినోళ్ళని పొమ్మంటావా?" అనింది. తానే నిమ్మకాయలు తెచ్చి తొక్కించింది. నేను నోరెత్తలేదు. ఆ బండి ఇంకా తొమ్మిదేండ్లు నడిచింది. పదకొండు మంది గర్భిణీల్ని ఆ వంక దాటించినాను. లైట్లు మళ్ళా ఎప్పుడూ లేవలేదు. వంక కాడికి వస్తే మాత్రం ఒక్క నిమిషం బండి ఆపేవాణ్ణి. ఎందుకు ఆపినావని ఎవురన్నా అడిగితే, లోతు సూస్తా ఉండానని చెప్పేవాణ్ణి.

దయ్యమంటారా? దేవుడంటారా? ఇనుము సర్దుకుందంటారా? మీకు తెలిస్తే చెప్పండి. నాకు తెలిసింది రాస్తా.

ఆ రాత్రి ఆ జీపులో ఉండేది నేను, చెంగయ్య. నా పెండ్లాం మునెమ్మ. నా కూతురు రాణి. రాణి కడుపులో వరలక్ష్మి.

మిగిలినోళ్ళ పేర్లు నాకు తెల్దు.