అక్కను చూసిన ఉపగ్రహాలు

నిన్న గురజాల రోడ్డు పక్కన ఒకతను, కొసన తెల్లటి యంత్రం బిగించిన పొడవాటి కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చూడగానే అక్క మీద నా పాత కడుపుమంట గుర్తొచ్చింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా మిరప చేను కొలవడానికి వచ్చిన సర్వేయర్ అలాంటి కడ్డీనే తెచ్చి, మా అక్క చేతికిచ్చాడు.

"కదలకుండా పట్టుకోమ్మా. పైన ఉపగ్రహాలు నాలుగన్నా అందితేనే మనం ఎక్కడున్నామో తేలుద్ది" అన్నాడు.

ఆకాశంలోంచి అవన్నీ మా అక్కనే చూస్తున్నాయనుకున్నాను. బళ్లో ఫస్టు అక్కే, కొత్త సైకిలూ అక్కకే. ఇప్పుడు ఆకాశం కూడానా?

"నేను పట్టుకుంటా" అన్నాను.

"నీ చెయ్యి ఒకచోట నిలవదు. అవతలికి పో" అన్నాడు నాన్న.

నేను అక్క పక్కనే గట్టు మీదున్న రాళ్లకుప్ప ఎక్కి, ఎరువు మోసే ఇనప తట్టని ఆ యంత్రం మీద బోర్లించాను.

"సిగ్నల్ పోయింది!" అని సర్వేయర్ తల పట్టుకున్నాడు.

"ఏందే ఆ పని?" అని నాన్న చెయ్యెత్తాడు.

"ఎండకి యంత్రం కాలిపోతందని నేనే పెట్టమన్నా నాన్నా" అంది అక్క.

నాన్న చెయ్యి దించాడు. నాకు మాత్రం చల్లారలేదు. మంచిపిల్లన్న పేరు కూడా అక్కకే పోయిందని ఇంటిదాకా కుళ్లుకుంటూ నడిచాను.

ఉపగ్రహాలు ఎవరినీ చూడవనీ, సంకేతాలు పంపుతూ పోతాయంతేననీ చానా ఏళ్లకి చదువుకున్నాను. ఆ రోజు చేలో నన్ను చూస్తూ ఉన్నది అక్క ఒక్కతే.