ఎండ మామ పాట

శీతల గిడ్డంగిలో అందరికీ ఆమె వదినే. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. పద్దెనిమిదేళ్లుగా ఆ చలిగదిలో బఠానీల పెట్టెలు సర్దడమే ఆమె పని. మధ్యాహ్నం గంట కొట్టగానే తక్కినవాళ్లు నీడ వెతుక్కుంటే, ఆమె దళసరి కోటుతోనే వచ్చి, లారీలు ఆగే అరుగు మీద ఎర్రటి ఎండలో కూర్చునేది. వేళ్ల తిమ్మిరి వదిలేదాకా డబ్బా మూత తీసేది కాదు.

ఒకరోజు లారీ డ్రైవరు వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఏం కూర వదినా?"

"బంగాళాదుంప. నిన్నా ఇదేగా అంటావు, నాకు తెలుసు."

"అనను. రేపూ ఇదేగా అంటాను."

మాట సినిమాల మీదికి మళ్లింది. ఆదివారం చూసిన సినిమాలో తాను హాయిగా నిద్రపోయాననీ, వెన్నెల పాట దగ్గర మాత్రం మెలకువ వచ్చిందనీ చెప్పాడు డ్రైవరు.

"అయినా చంద్రుడికి సవాలక్ష పాటలున్నాయి. సూర్యుణ్ణి పట్టించుకున్నవాడే లేడు. మీకొక్కటైనా వచ్చా?"

"ఎందుకు రాదు," అనేసింది వదిన. తీరా చూస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. అన్న మాట పోకూడదని నోటికొచ్చింది అందుకుంది.

"ఎండ మామా, ఎండ మామా, ఎందాక పోయావు?
వేళ్లు కొంకర్లు పోయె, వేడి తేలేవా?"

డ్రైవరు తల పంకించాడు. "పాత పాటే. మా అమ్మ పాడేది."

వదిన నవ్వు ఆపుకుంది. "రెండో చరణం కూడా పాడేదా?"

"అదే అసలు బాగుంటుంది."

ఇక చేసేదేముంది, మర్నాడు పెట్టెలు సర్దుతూ రెండో చరణం కట్టింది. నెల తిరిగేసరికి చలిగదిలో అందరి నోటా అదే పాట. ఒక మధ్యాహ్నం అరుగు దగ్గరికి వచ్చిన సూపర్‌వైజరు ముచ్చటపడి, వార్షికోత్సవంలో పాడమన్నాడు. రాసిందెవరని అడిగాడు.

"నేనేనండీ," అంది వదిన.

ఎవరూ నమ్మలేదు. అందరికంటే గట్టిగా డ్రైవరే కొట్టిపారేశాడు. వదిన వాదించలేదు. అతని లారీ వైపు ఒకసారి చూసి, అక్కడికక్కడే ఎత్తుకుంది.

"నలుగురు తోస్తే గాని నడవని బండి,
నడిపేవాడి మాటలేమో కోటలు దాటె!"

సూపర్‌వైజరుతో సహా అంతా విరగబడి నవ్వారు. డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి అతనూ నవ్వేశాడు.

ఆ వారం నుంచి వదిన చలిగదిలోకి చేతి తొడుగులతోపాటు ఓ పెన్సిలు కూడా తీసుకెళ్లేది. అక్కడ పెన్ను గడ్డకట్టిపోతుంది మరి.