బావగారి ఆటోకు నేను పోసిన తలంటు

ఒక మంచి మనిషి నోటి దగ్గర కూడు నా చేతులారా జారగొట్టబోయిన కథ ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. మీరు హాయిగా నవ్వుకోండి, ఫరవాలేదు. మా అక్క మాత్రం ఈనాటికీ నవ్వదు.

అక్కావాళ్లది రాజోలు. బావగారు ఏళ్ల తరబడి అద్దె ఆటో నడిపి, చివరికి సొంతంగా ఒక పాత ఆటో కొన్నారు. సోమవారం నుంచి ఒక స్కూలు పిల్లల్ని తిప్పే పని కుదిరింది. హెడ్ మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే: తుప్పు కనిపించకూడదు, కొత్త రంగు వేయించాలి. ఆయన పెయింటరు సత్యంగారికి చెప్పబోతుంటే నేను అడ్డుపడ్డాను. అప్పటికి నేను ఫోనులో నాలుగు వీడియోలు చూసిన మేధావిని.

"నేనుండగా పరాయివాళ్లెందుకండీ బావగారూ?"

"మీకు శ్రమ కదండీ."

"శ్రమేముందండీ? గీకడం, ప్రైమరు కొట్టడం, రంగు వేయడం. అంతే కదా!"

"ఆయ్, అయితే మీ ఇష్టమండి," అన్నారాయన. ఆ మనిషికి కాదనడం చేతకాదు. నేనేమో అది నా ప్రతిభకు దక్కిన గౌరవం అనుకున్నాను.

కొత్త పెయింటరు పొద్దెరగడు. శనివారం కోడి కూయకముందే మొదలుపెట్టి, సాయంత్రానికి ఉప్పుకాగితంతో ఆటో ఒళ్లంతా రుద్ది రేకు తేల్చాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంతలో మబ్బేసింది. మా గోదావరి గాలికి గీకిన ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుందని అక్క భయపడింది. నాకు వెంటనే అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కత్తిపీట కడిగి, ఆరబెట్టి, కొబ్బరి నూనె రాస్తుంది. దానికి తుప్పన్న మాటే తెలియదు. కత్తిపీటా ఇనుమే, ఆటో కూడా ఇనుమే! గానుగలో ఆడించిన నూనె డబ్బా తెచ్చి ఆటోకు శుభ్రంగా తలంటు పోశాను.

మర్నాడు పాత లుంగీతో పైపైన తుడిచి ప్రైమరు కొడుతుంటే, దారిన పోతున్న సత్యంగారు ఆగారు.

"బాబుగారూ, ముందు రేకు థిన్నరుతో తుడిచేరాండి?"

"అవసరం లేదండీ. అద్దంలా మెరుస్తోంది చూడండి!"

"మెరవకూడదండి. జిడ్డుంటే ప్రైమరు పట్టదండి."

"మా పద్ధతి వేరులెండి," అన్నాను. చూశారా, ఎంత పొగరో! ప్రైమరులో అక్కడక్కడా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. బుద్ధున్నవాడైతే ఆగేవాడు. నేను ఇంకో పూత కొట్టి, దానిమీద పసుపు రంగు దట్టించాను.

సోమవారం ఉదయం స్కూలు గేటు దగ్గర ఆటో బంగారంలా నిలబడింది. మెచ్చుకోలు అందుకుందామని నేనూ వెళ్లాను. మేడమ్ చుట్టూ తిరిగి చూసి, "బావుందండి," అని స్కూలు పేరున్న స్టిక్కరు అంటించారు. కాస్త వంకరగా పడింది. సరిచేద్దామని కొస పట్టుకుని లాగారు. స్టిక్కరుతో పాటు పసుపు రంగు, దాని వెనకే ప్రైమరు, పూతరేకులా పొరలు పొరలుగా లేచి ఆవిడ చేతిలోకి వచ్చేశాయి. పిల్లలు ఘొల్లున నవ్వారు.

మేడమ్ వేళ్లు వాసన చూసుకున్నారు. "కొబ్బరి నూనేంటండీ ఇది? ఎవరు చేసేరండి ఈ పని?"

బావగారు నా వైపు చూడను కూడా చూడలేదు.

"నేనేనండి. తెలియక రాసేనండి," అన్నారాయన.

"ఇలాంటి ఆటోలో పిల్లల్నెలా పంపుతామండీ? వారంలో బాగుచేయించుకు రండి. లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాం."

ఆయన చేతులు కట్టుకుని "ఆయ్" అన్నారు. నేను ఆయన వెనక దాక్కుని నా చెప్పులు చూసుకున్నాను. అంత సిగ్గు ఇంకెప్పుడూ పడలేదు.

ఆ వారమంతా సత్యంగారి షెడ్డులో గీకుడు పని నాదే. "మీ చేతి పని నేను చెరపడం మర్యాద కాదండి," అన్నారాయన. థిన్నరుతో తుడిచి తుడిచి నా వేళ్ల తోలూడింది. ప్రైమరు, రంగు మాత్రం ఆయనే కొట్టారు. నన్ను స్ప్రే గన్ను ముట్టుకోనివ్వలేదు.

వారం తిరిగేసరికి మళ్లీ మేడమ్ ముందు ఆటో నిలబెట్టాం. ఆవిడ గోటితో గీకి చూశారు. ఊడలేదు.

"ఇప్పుడు పనిలా ఉందండి. ఎవరు చేసేరు?"

"మా బావమరిదిగారు వారం రోజులు కష్టపడ్డారండి," అన్నారు బావగారు.

"చూసేరా? తెలిసినవాళ్ల చేత చేయించుకోవాలండి. మీరింకెప్పుడూ ఇలాంటివాటిలో చెయ్యి పెట్టకండి. ఈ అబ్బాయిని చూసి నేర్చుకోండి."

"ఆయ్, అలాగేనండి," అన్నారాయన, ఎంతో వినయంగా.

ఆ గేటు దగ్గరే గోదావరి సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ రేకుకూ నూనె రాయను, ఏ పెయింటరుకూ పద్ధతులు చెప్పను, అంత మంచి మనిషికి మళ్లీ సాయం చేయను.