పదకొండో లాకరు మీది పేరు

కొలెట్ వెర్‌క్యాంప్ పేరు పలక తీసింది నేనే. ఇంకెవరో చెప్పేకన్నా నేనే ఒప్పుకోవడం నయం. అదేం పెద్ద దొంగతనం కాదు. పలక లాకరు నెత్తిన అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది, గోరు దూరిస్తే ఊడి వస్తుంది. ఊడిన పలకని నా తలలో దాచాను. నా తలంటే గాడిద తల. మా బ్రాంటన్ కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు పేరు కంచరగాడిదలు. మ్యాచ్ జరిగినంతసేపూ గాడిద తొడుగులో దూరి గంతులేసేవాణ్ణి నేను. ఎవరూ నేర్పలేదు, అద్దం ముందు నేర్చుకున్నాను. తొడుగులో ఉన్నవాడు నోరు విప్పకూడదు, వాడెవడో బయటికి పొక్కకూడదు. అందుకని నా పేరు ఇక్కడా చెప్పను. కొలెట్ మాత్రం తొడుగు ఉన్నా లేకపోయినా నన్ను గాడిదా అనే పిలుస్తుంది.

కొలెట్ వాళ్లది టర్కీ కోళ్లు పెంచే ఇల్లు, ఇక్కడికి గంటన్నర దూరం. మనిషి ఆరడుగుల రెండంగుళాలు. చిన్నప్పట్నించీ చంకకో కోడి చొప్పున మోసిన చేతులు. ఆటలో ఆమె పని బంతి వేయడం కాదు, అడ్డు నిలబడటం. మన పిల్ల బంతితో దూసుకెళ్తుంటే, వెంటపడే పిల్లకి గోడలా తగలాలి. తగిలి కిందపడి, లేచి, మళ్లీ ఇంకోచోట గోడ కావాలి. మ్యాచ్‌కి నాలుగు నిమిషాలు ఆడనిస్తే గొప్ప. మూడేళ్లలో నువ్వేసిన పాయింట్లు మంచి ప్లేయర్ ఒక్క నెలలో వేస్తుందని ఒకసారి బస్సులో అన్నాను. అప్పుడామె నాతో యూకర్ అనే పేకాట ఆడుతోంది, నా ముక్కలు నా కళ్లజోడు అద్దాల్లో చూసి గెలుస్తోంది కూడా.

"నువ్వు మూడేళ్లలో ఎన్నేశావురా, గాడిదా?" అంది, ముక్క దించుతూ.

ఈ జనవరిలో ఒక మ్యాచ్ మధ్యలో, తొడుగులో ఉక్కకి కళ్లు తిరిగి పడిపోయాను. అది కూడా నా వేషాల్లో ఒకటనుకుని జనం చప్పట్లు కొట్టారు. రోజూ నవ్వించేవాడికి వచ్చే తిప్పలే ఇవి. బెంచీ మీంచి లేచి వచ్చింది కొలెట్ ఒక్కతే. తల పీకేసి, మెడ మీద ఐసు పెట్టి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టింది. ఆ పూట ఆమె ఆడింది నాలుగు నిమిషాలు, నా పక్కన కూర్చుంది పదకొండు నిమిషాలు. మధ్యలో ఆడటానికి పిలిచినా వెళ్లలేదట. నాకు తెలివి లేదు కాబట్టి ఇది తర్వాత విన్నమాట.

ఆమె ఈ కాలేజీకి వచ్చిందే నర్సు కావడానికి. మూడేళ్ల కిందట మా కోచ్ హాల్వర్సన్ వాళ్లింటికి వెళ్లి, వంటింట్లో కూర్చుని, పెర్సిమన్ పండ్ల పుడ్డింగు రెండోసారి వడ్డించుకుని మరీ వాళ్లమ్మకి మాటిచ్చింది. మీ అమ్మాయికి ఆసుపత్రి డ్యూటీ ఉన్న రోజు ప్రాక్టీసుకి రానక్కర్లేదు, చదువు పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్‌కి పూచీ నాది అని. కాగితం మీద మాత్రం స్కాలర్‌షిప్ ఏ ఏడాదికి ఆ ఏడాదే. పుడ్డింగు తింటున్న మనిషిని కాగితం ఎవరడుగుతారు?

ఏప్రిల్లో ఒక మంగళవారం హాల్వర్సన్ అందర్నీ పిలిచి, రెండు నిమిషాలు మాట్లాడి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా ఇంకో పెద్ద యూనివర్సిటీ రంగు కోటు వేసుకుని ఫోటోలో నవ్వుతోంది. ఆమెని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు, మనిషి మంచిదే. కానీ కొలెట్‌ని రమ్మని పిలవలేదు. నాలుగు నిమిషాల ప్లేయర్‌ని వెంట ఎవరు తీసుకెళ్తారు?

ఇక్కడ మా జట్టు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. వేరే కాలేజీకి పోదలచిన ప్లేయర్ తన పేరు బదిలీ జాబితాలో పెట్టించుకుంటుంది. పెట్టిన గంటలో మా సామాన్ల గది పెద్దాయన వచ్చి ఆ పిల్ల లాకరు మీద పలక తీసేస్తాడు. వీడ్కోలు ఉండదు, కేకు ఉండదు. బోసి లాకరు కనిపిస్తే మనిషి వెళ్లిపోయినట్టే. హాల్వర్సన్ పోయాక పిల్లలంతా పొద్దున్నే వచ్చి ముందు ఒకరి లాకరు ఒకరు చూసుకుంటున్నారు. గదిలో నవ్వన్నది లేదు. నేను నవ్విద్దామనుకున్నాను.

వెళ్లదని అందరికీ తెలిసిన మనిషి కొలెట్. అందుకని బుధవారం ఆమె పలకే తీసి, దాని స్థానంలో గాడిద బొమ్మ గీసిన కాగితం అంటించాను. కింద 'ఈ చోటు నాది' అని రాశాను. ఆమెకి బుధ, గురువారాలు ఆసుపత్రి డ్యూటీ, చూడలేదు. పక్కన స్నానాల గది. ఆవిరికి కాగితం ఎప్పుడు ఊడి పడిందో నేనూ చూడలేదు. గురువారం కొత్త కోచ్ ప్రూయిట్ వచ్చాడు. వస్తూనే తన పాత కాలేజీ నుంచి ఒక పొడుగు పిల్లనీ, ఆమె అమ్మానాన్నల్నీ వెంటబెట్టుకొచ్చి, గది చూపిస్తూ, బోసిగా ఉన్న కొలెట్ పదకొండో లాకరు మీద చెయ్యేసి ఇది నీదే అన్నాడు. వాళ్లమ్మ ఫోటో కూడా తీసింది.

శుక్రవారం ఒక్కొక్కర్నే పిలిచి మాట్లాడాడు. కొలెట్‌ని చూసి, నువ్వు వెళ్లిపోయావనుకున్నానే అన్నాడట. లేదు, ఇక్కడే ఉన్నానంది ఆమె. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఇక మీద మంగళ, గురువారాలు పొద్దున ఆరింటికి ప్రాక్టీసు, రాకపోతే నీ అంతట నువ్వు మానేసినట్టు లెక్క అన్నాడు. గురువారం కొలెట్ డ్యూటీ పొద్దున ఆరున్నరకి. హాల్వర్సన్ మాటిచ్చిన సంగతి చెప్పింది. ఆ మాట ఆవిడతోపాటే వెళ్లిపోయింది కదమ్మా అన్నాడు. పలక సామాన్ల గది పెద్దాయన పొరబాటున తీసి ఉంటాడని కొలెట్ అనుకుంది, నేను కాదనలేదు.

కొలెట్‌తో కలిసి నేనూ రూల్స్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ బెట్చర్ గారని ఒకావిడ ఉంటుంది. అందరికీ పిప్పరమెంట్లు పెడుతుంది, అందరికీ రూల్సు చెబుతుంది, రెండూ ఒకే గొంతుతో. కోచ్ మారితే ప్లేయర్లకి కిటికీ తెరుస్తారు, అంటే వెళ్లడానికి గడువిస్తారు, ఈసారి పదిహేను రోజులు అంది. ఆలోపు పేరు పెడితే ఎక్కడికైనా పోయి ఆడొచ్చు. పెట్టిన మరుక్షణం ఇక్కడి స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు కాలేజీకి ఉంటుంది. పెట్టకపోతే, వచ్చే ఏడాది ఇవ్వాలా వద్దా అన్నది కొత్త కోచ్ ఇష్టం. జూన్లో వద్దన్నాడా, అప్పటికి కిటికీ మూసేసి ఉంటుంది.

"మరి కోచ్‌కి ఎన్ని రోజులండీ కిటికీ?" అని నేనడిగాను.

"కోచ్‌కి కిటికీ దేనికి నాయనా, తలుపే ఉందిగా," అంది బెట్చర్ గారు. తర్వాత చుట్టూ చూసి, ఈ మాట నేననలేదు అంది.

కొలెట్ ఒక్కటే అడిగింది. తను మూడేళ్లలో ఆసుపత్రిలో చేసిన డ్యూటీ నాలుగు వందల పన్నెండు గంటలు, వేరే కాలేజీ అవన్నీ ఒప్పుకుంటుందా అని. బెట్చర్ గారు ఆ రూలు తన దగ్గర లేదంది. ఆట రూల్సే తనవి, చదువు రూల్సు ఇంకో బిల్డింగులో ఉన్నాయి. ఆ బిల్డింగులో, అది చేర్చుకునే కాలేజీ ఇష్టం అన్నారు. ఆ కాలేజీ ఏదో ముందు తెలియాలి కదా అన్నారు. తెలియాలంటే ముందు పేరు పెట్టాలి. కొలెట్ ఫారం తెచ్చుకుని యూకర్ పేక డబ్బా కింద పెట్టుకుంది. అన్నీ నింపింది, సంతకం తప్ప.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆమె డ్యూటీకి వెళ్లేది, వచ్చేది. హాల్వర్సన్‌కి రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి ఆవిడ ఎత్తింది. పాపం చాలా బాధపడిందట, రూల్సు ఇలా ఉన్నాయి మరి అందట. వాళ్ల నాన్న ఫోన్ చేసి, కోళ్ల షెడ్డులోంచి అరుస్తూ, ఎవరినో ఒకరిని నేను వచ్చి అడగనా అన్నాడు. ఎవరిని అడుగుతావు నాన్నా అంది కొలెట్. కోళ్ల గోల మాత్రం చాలాసేపు వినిపించింది.

పదమూడో రోజు నేను ప్రూయిట్ గదికి వెళ్లి నిజం చెప్పేశాను. ఆ పలక తీసింది నేనేనండీ, ఆమె వెళ్లలేదు, మీరు పొరబడి ఇంకొకరికి మాటిచ్చారు అన్నాను. ఈ పని చేస్తే అంతా సర్దుకుంటుందని నిజంగానే నమ్మాను. ఆయన పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. పొట్టు కప్పులోకి ఊసి, నవ్వాడు.

"పలక ఉంటే నేనే తీసేవాణ్ణి బాబూ. నాకు ఆ పని తప్పించావ్."

తర్వాత, గాడిద వేషం బాగా వేస్తావని విన్నాను, వచ్చే ఏడాది కూడా నువ్వే ఉండు అన్నాడు. చూశారా, నా చోటు మాత్రం పదిలం.

పదిహేనో రోజు సాయంత్రం ఐదింటికి కిటికీ మూస్తారు. నాలుగూ నలభైకి కొలెట్ సంతకం పెట్టింది. ఉంటే జూన్లో ఏమవుతుందో తెలియదు, వెళ్తే కనీసం ఇప్పుడే తెలుస్తుందంది. బెట్చర్ గారు ఫారం తీసుకుని ఒక పిప్పరమెంటు ఇచ్చింది. మర్నాడు స్కాలర్‌షిప్ ఆపినట్టు కాలేజీ ఉత్తరం వచ్చింది. సామాన్ల గది పెద్దాయన పలక తీయడానికి వచ్చి, అక్కడ పొడుగు పిల్ల పేరు చూసి, తల గోక్కుని వెళ్లిపోయాడు.

మూడు వారాలు ఎవరూ పిలవలేదు. నాలుగో వారం పశ్చిమ నెబ్రాస్కాలో ఒక చిన్న కాలేజీ పిలిచింది. అడ్డు నిలబడే మనిషి కావాలట, ఆమెకి మిగిలింది ఒక్క ఏడాది ఆటే కాబట్టి స్కాలర్‌షిప్ కూడా ఒక్క ఏడాదికే. నర్సింగ్ ఉంది. నాలుగు వందల పన్నెండు గంటల్లో తొంభై ఒప్పుకుంటారట. అంటే చదువు మళ్లీ రెండో ఏడాది నుంచి. ఆట అయిపోయాక రెండేళ్ల చదువు మిగులుతుంది, స్కాలర్‌షిప్ ఉండదు. అది ఎలా గడుస్తుందో వాళ్లకీ తెలియదు, ఆమెకీ తెలియదు. ఆమె సరేనంది.

మే చివర్లో వాళ్ల నాన్న ట్రక్కు వేసుకుని వచ్చాడు. వెనకాల కోళ్ల వాసన. సామాను ఎంతో లేదు, మంచం దుప్పటీ, పుస్తకాలూ, తెల్ల బూట్లూ, పేకముక్కలూ. ఆయన నాకు చెయ్యిచ్చి, గాడిద నువ్వేనా అని, తాళ్లు కట్టడానికి అటు పక్కకి వెళ్లాడు. నేను పలక జేబులోంచి తీసి కొలెట్‌కి ఇవ్వబోయాను. తీసింది నేనేనని అప్పుడు చెప్పాను. ప్రూయిట్‌కి ముందు చెప్పి ఆమెకి తర్వాత చెప్పడం నా రెండో తప్పు. కోచ్ అన్న మాట కూడా చెప్పాను, కాస్త గబగబా, నాకు అదే ఊరట కాబట్టి. నేను తీయకపోయినా ఆయన తీసేవాడట, అంటే నా వల్ల ఏమీ మారలేదు కదా అన్నాను.

కొలెట్ పలక తీసుకోలేదు. నా మణికట్టు పట్టుకుంది, జనవరిలో పట్టుకున్నట్టే. కాసేపు నాడి చూసి వదిలేసింది.

"వాళ్లకి నేనెవరో తెలీదురా. నీకు తెలుసు."