మామా రేడియో

కువైట్ సాల్మియాలో నేను పనిచేసే అత్తర్ల కొట్టులో శుక్రవారం వస్తే ఒపెరా రేడియో పెడతారు. ఊళ్ళో జరగబోయే కచేరీల కబుర్లు చెప్పి పాటలు వేస్తారు. ఆడగొంతు సాగదీసి ఏడవడం మొదలుపెట్టగానే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ గొంతు నాకు ఏడేళ్ళప్పటి నుంచీ తెలుసు. అప్పట్లో అమ్మ కువైట్లోనే, సబా అల్ సలేంలో ఇంటిపని చేసేది. శుక్రవారాలు రాయచోటిలో అమ్మమ్మ దగ్గరున్న నాకు ఫోన్ చేస్తే, ఆమె మాటల వెనక ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించేది.

"ఎవురుమా, అట్ల ఏడుస్తాండేది?"

"ఏడుపు గాదులే అమ్మీ, మామా రేడియో."

అమ్మకు అన్నదమ్ములే లేరు. ఈ మామ ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు? ఆడవాళ్ళను కొట్టి ఏడిపించే దుర్మార్గుడనుకున్నాను. పెద్దయ్యాక వాణ్ణి తన్నాలనుకున్నాను.

అమ్మమ్మ చనిపోయిన వారం ఫోన్లో అమ్మ బోరుమంది. వెంటనే అక్కడెవరో ఆవిడ "ఖలాస్!" అని అరిచింది. అమ్మ ఏడుపు టక్కున ఆగింది.

"మామాకు పాట ఇనపడల్యాదంట, ఫోను పెట్టేస్తాండా" అని గుసగుసలాడింది. వెనక రేడియోలో ఏడుపు మాత్రం సాగుతూనే ఉంది.

పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారనీ, ఖలాస్ అంటే ఇక చాలు అనీ కువైట్ వచ్చాకే తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు.

నిన్న పాట అయ్యాక మా ఓనరు కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకని అడిగాను. పాటలో ఆ అమ్మాయి తల్లి చచ్చిపోయిందట.

ఆమెతో ఎవరూ ఖలాస్ అనలేదు.